ట్యాంకరు, ఆటోస్టాండు, ఖాళీ స్థలం: వీటి గొడవల్లోంచి కుర్రాళ్ల మీద కేసులు ఎలా పుడుతున్నాయి?

ప్రశ్న: కాలవగట్టు వార్డు

నమస్కారం అండి. విజయవాడలో ఏలూరు కాలవ పక్కనున్న ఒక వార్డుకీ, పాత గుంటూరులో ఇంకో వార్డుకీ కలిపి ఒక నోట్ తయారుచేస్తున్నాం. రెండు కార్పొరేషన్లకూ, పోలీసు అధికారులకూ ఇవ్వాలి. విషయం: 15 నుంచి 22 ఏళ్ల కుర్రాళ్ల కొట్లాటలు, బ్లేడ్ దాడులు, చిన్న దొంగతనాలు.

పెద్దవాళ్లను అడిగితే గంజాయి, సెల్‌ఫోన్, పెంపకం అని మూడు మాటలు చెప్తున్నారు. కానీ గొడవ ఎక్కడ మొదలైందో వరసగా రాసుకుంటూ పోతే వేరే బొమ్మ కనిపిస్తోంది. నీళ్ల ట్యాంకరు ఆగే మలుపు, ఆటోస్టాండు, రైతుబజారు ముందు బండ్లు పెట్టుకునే జాగా, సాయంత్రం ఆడుకునే గ్రౌండు, ఎవరిదో తేలని ఖాళీ స్థలం. దాదాపు అన్నీ ఇలాంటి చోట్లే.

మూడు సంగతులు తెలిసినవాళ్లు చెప్పాలి. ఒకటి, కొరత ఉంటే నేరం పెరుగుతుందనేది నిజమైతే, అంతే కొరత ఉన్న పక్క వార్డు ఎందుకు ప్రశాంతంగా ఉంది? రెండు, కొరత నుంచి కేసు దాకా సాగే ఈ గొలుసును ఎక్కడ తెంపితే పనవుతుంది? మూడు, 18 నిండని పిల్లాణ్ణి స్టేషన్‌కి తీసుకెళ్లారని తెలిస్తే ఆ రోజు చేయాల్సిందేమిటి?

జవాబు 1: వార్డు లెక్కలు

మీరు చెప్పిన చోట్లన్నిటికీ కొరత ఒక్కటే ఉమ్మడి గుణం కాదండి. ఆ వస్తువు ఎవరికి, ఎప్పుడు, ఎంత అన్నది ఎక్కడా రాసి ఉండదు. రాసి లేనప్పుడు ఆ నిర్ణయం ఎవరో ఒకరి చేతిలోకి పోతుంది. ఆ మనిషికి తన మాట చెల్లించుకోవడానికి నలుగురు కుర్రాళ్లు కావాలి. మీ నోట్‌లో మొదటి పేజీ అంతా ఆ మనిషి గురించే ఉండాలని నా అభిప్రాయం.

ట్యాంకరునే తీసుకోండి. 5,000 లీటర్ల ట్యాంకరు 60 ఇళ్లకు వచ్చిందంటే ఇంటికి 83 లీటర్లు. 15 లీటర్ల బిందెలు ఐదున్నర. నగరాల్లో నీటి సరఫరాకు కేంద్ర ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు, అంటే నలుగురున్న ఇంటికి 540. ఈ తేడా ఒక్కటే జనాన్ని కంగారు పెట్టడానికి చాలు. దాని మీద ఇంకో ఇబ్బంది: ట్యాంకరుకు ఉండేది ఒకటే గొట్టం. నిమిషానికి 40 లీటర్లు వదిలినా ఖాళీ కావడానికి రెండు గంటలు పైనే పడుతుంది. 200 లీటర్ల డ్రమ్ములు పెట్టుకున్నవాళ్లు ముందుంటే 25 డ్రమ్ములతో ట్యాంకరు అయిపోతుంది, వెనకున్న బిందెలవాళ్లకు చుక్క రాదు. కాబట్టి గొట్టం ఎవరు పట్టుకున్నారన్నదే అసలు ప్రశ్న.

అక్కణ్ణుంచి మెట్లు ఇలా ఉంటాయి. మొదట ఇంట్లో ఆడవాళ్లు మాటా మాటా అనుకుంటారు. తర్వాత "లైన్ చూసుకోరా" అని వీధిలో పెద్దపిల్లలకు చెప్తారు, ఇందులో చెడు ఉద్దేశం ఏమీ ఉండదు. రెండు వారాల్లో ఆ పిల్లలు డ్రమ్ముకు పదో ఇరవయ్యో తీసుకోవడం మొదలుపెడతారు. పక్క వీధి కుర్రాళ్లు మా మలుపులో కూడా ట్యాంకరు ఆగాలంటారు. మొదటి కొట్లాట చేతులతో, రెండోది బీరు సీసాతో, మూడోసారి ఎవడో ఒకడు జేబులో బ్లేడు పెట్టుకుని వస్తాడు. దెబ్బ తిన్నవాడు తగ్గితే రేపటి నుంచి వాడి వీధికి నీళ్లు రావు. అందుకే తగ్గడు. పౌరుషం అని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ఈ లెక్కే. దెబ్బలు తగిలాక ఏ కేసు పెట్టాలో, ఎవరు స్టేషన్‌కి రావాలో చెప్పే ఒక 'అన్న' అప్పుడు రంగంలోకి వస్తాడు. బెయిలుకు డబ్బు కడతాడు. ఆ అప్పు తీరదు. తర్వాత అద్దె ఇల్లు ఖాళీ చేయించాలన్నా, స్థలం చుట్టూ కంచె పీకాలన్నా ఆ కుర్రాళ్లనే పిలుస్తాడు.

ఆటోస్టాండులోనూ ఇదే పద్ధతి. స్టాండు రోడ్డు మీద ఉంటుంది, రోడ్డు ప్రభుత్వానిది. కానీ కొత్త ఆటో అక్కడ నిలబడాలంటే చేర్పు సొమ్ము అడిగేవాళ్లుంటారు. పది ఆటోలకు సరిపోయే బేరం ఉన్నచోట పాతిక ఆటోలు చేరితే, ఆ చేర్పు సొమ్ము వసూలు చేసేవాడి బలం పెరుగుతుందే తప్ప తగ్గదు. కూలీ అడ్డా, పాత ఇనుము ఏరుకునే వీధులు, మార్కెట్ దగ్గర పార్కింగ్, అన్నీ అంతే.

వస్తువు విలువ పెరిగేకొద్దీ కుర్రాడి పని మారుతుంది. కృష్ణ ఇసుక విషయంలో రాత్రి బండికి ముందు బైకు మీద వెళ్లి దారి చూడటం, తనిఖీ ఉంటే ఫోన్ చేయడం. వాడు ఇసుక ముట్టుకోడు, రాత్రికి కొన్ని వందలు వస్తాయి. ఈ నది ఇసుక మీద ఎంత డబ్బు తిరుగుతుందో తెలియాలంటే ఒక్క సంగతి చాలు: అక్రమ తవ్వకాలను ఆపలేదని 2019 ఏప్రిల్‌లో జాతీయ హరిత ట్రిబ్యునల్ రాష్ట్రాన్ని 100 కోట్ల రూపాయలు కట్టమంది. 2024 జులై నుంచి మళ్లీ ఉచిత ఇసుక విధానం వచ్చింది. ఇసుకకు ధర లేకపోయినా లోడింగు, రవాణా, ముందు ఎవరి బండి అన్న వరస ఉంటాయి. వరస ఉన్నచోట కాపలా పుడుతుంది.

భూమి దగ్గరికొస్తే ప్రాణాలే పోతాయి. 2020 మే 30న విజయవాడ పటమటలో రెండు కుర్ర గ్యాంగులు కత్తులతో కొట్టుకున్న సంగతి ఊరందరికీ తెలుసు. దాని వెనక ఉన్నది ఒక అపార్ట్‌మెంటు వాటాల సెటిల్‌మెంటు. ఆస్తి కుర్రాళ్లది కాదు, వాటాలూ వాళ్లవి కావు. పంచాయితీ చేసే హక్కు మాదంటే మాదని పోట్లాట. విజయవాడలో డెబ్బైలు, ఎనభైల నాటి విద్యార్థి సంఘాల, రవాణా కార్మిక సంఘాల ముఠా తగాదాలు చదివినా ఇదే కనిపిస్తుంది. కాలేజీ ఎన్నిక, లారీ యూనియన్, కొండమీద ఇళ్ల పట్టాలు ఒకదాని వెంట ఒకటి అల్లుకుపోయాయి.

ఇక మీ మొదటి ప్రశ్న. అంతే కొరత ఉన్న పక్క వార్డు ఎందుకు ప్రశాంతం? దీని మీద గట్టి పరిశోధన అమెరికాలోని షికాగోలో జరిగింది. 1997లో శాంప్సన్, రాడెన్‌బుష్, అర్ల్స్ అనే ముగ్గురు 343 పేటల్లో 8,782 మందిని అడిగి, పేదరికం లెక్క విడిగా తీసేసి చూశారు. ఇరుగుపొరుగు మీద నమ్మకం ఉండి, పిల్లలు బడి ఎగ్గొట్టి మూల మీద నిలబడితే ఎవరో ఒక పెద్దమనిషి కల్పించుకుంటాడని జనం అనుకునే పేటల్లో హింస తక్కువ. అంతకు చాలా ముందు, 1942 నాటికే, అదే ఊళ్లో షా, మెకే ఇంకో సంగతి చూపించారు. ఒక పేటలోకి ఒక దేశం నుంచి వచ్చినవాళ్లు పోయి ఇంకో దేశం వాళ్లు వచ్చినా, బాల నేరాల రేటు ఆ పేటలోనే ఎక్కువగా ఉండిపోయింది. మన దగ్గర ఏ కొట్లాటనైనా కులం పేరు పెట్టి మాట్లాడుకునేవాళ్లు ఈ రెండో ముక్క ముఖ్యంగా గమనించాలి. మనుషులు మారినా చోటు మారకపోతే గొడవ మారదు.

మన ఊళ్లకు దీన్ని అన్వయిస్తే ఒక జాగ్రత్త అవసరం. కాలవగట్ల మీద, కొండల మీద ఇళ్లు తీసేసి జక్కంపూడి లాంటి దూరపు కాలనీల్లో ఇళ్లిచ్చినప్పుడు, పాత వీధివాళ్లందరికీ ఒకే బ్లాకు రాకపోతే ఆ మందలించే పెద్దమనిషి మాయమైపోతాడు. కుర్రాడు మాత్రం పని కోసం పాత అడ్డాకే రావాలి. అక్కడ వాడి చోటు ఈపాటికి ఇంకొకడు తీసుకుని ఉంటాడు. కొత్త కాలనీల్లో కొట్లాటలు ఎక్కువ కావడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

జవాబు 2: బందరు రోడ్డు

వార్డు లెక్కలు గారు చెప్పిన గొలుసు సరైనదే, కానీ అందులో రెండు లంకెలు తక్కువగా పడ్డాయి.

ఒకటి అప్పు. పేటలో నీళ్లూ జాగాలతో పాటు రోజువారీ పెట్టుబడి కూడా కొరతే. పొద్దున పూలకీ పళ్లకీ డబ్బు కావాలి, బ్యాంకు ఇవ్వదు. 2015 డిసెంబర్‌లో విజయవాడలో బయటపడ్డ కాల్‌మనీ వ్యవహారం అందరికీ గుర్తుండే ఉంటుంది. అడిగినప్పుడు మొత్తం కట్టాలనే షరతు మీద ఇచ్చే అప్పు అది. అలాంటి అప్పు వసూలుకు కోర్టు ఉపయోగపడదు, బెదిరింపే ఉపయోగపడుతుంది. ఆ బెదిరింపు చేసే పని 18, 19 ఏళ్ల కుర్రాళ్లది. నీళ్ల దగ్గర నేర్చుకున్న వసూలు విద్య ఇక్కడ జీతం అవుతుంది.

రెండోది గంజాయి. పెద్దవాళ్లు చెప్పే మాటను పూర్తిగా తోసేయొద్దు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు నుంచి వచ్చే సరుకుకు 16వ నంబరు జాతీయ రహదారే ప్రధాన దారి, విజయవాడ ఆ దారి మీదే ఉంది. చిన్న పొట్లాలు అమ్మడానికి కాలవగట్టు, రైలు పట్టాల పక్క, మూతపడ్డ క్వార్టర్లు కావాలి. అప్పటికే ఒక మలుపు మీద పట్టున్న జట్టు సరుకుదారుడికి తయారుగా దొరుకుతుంది. కూలి డబ్బు కాకుండా పొట్లం రూపంలో ఇస్తాడు, వాడుక అలా పట్టుకుంటుంది. చోటు మీద పట్టు ముందు, మత్తు తర్వాత. అయితే మత్తు వచ్చాక ట్యాంకరు సమస్య తీర్చినా ఆ కుర్రాడు వెనక్కి రాడు. వాడికి డీ–అడిక్షన్ కేంద్రం కావాలి. తనంతట తాను చికిత్సకు వచ్చిన వ్యసనపరుడికి, వాడకం గురించీ చిన్న పరిమాణం గురించీ అయితే, ఎన్‌డీపీఎస్ చట్టం (మత్తుపదార్థాల చట్టం) 64ఏ సెక్షన్ కింద విచారణ నుంచి రక్షణ ఉంది. చికిత్స మధ్యలో మానేస్తే ఆ రక్షణ పోవచ్చు. తల్లిదండ్రులకు ఈ సెక్షన్ గురించి చెప్పండి, భయంతో దాచిపెట్టేవాళ్లే ఎక్కువ. అమ్మేవాళ్ల సమాచారం ఇవ్వడానికి 2024 నవంబర్‌లో రాష్ట్రం పెట్టిన ఈగల్ అనే మత్తుపదార్థాల నిరోధక విభాగం నంబరు 1972.

జవాబు 3: బాలల న్యాయం

మూడో ప్రశ్నకు నేను చెప్తాను. తొందరలో తల్లిదండ్రులు చేసే తప్పులు ఇక్కడే ఎక్కువ.

2015 నాటి బాల న్యాయ చట్టం ప్రకారం 18 నిండనివాణ్ణి లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు. ప్రతి స్టేషన్‌లో ఏఎస్సై స్థాయికి తగ్గని బాలల సంక్షేమ పోలీసు అధికారి ఒకరుండాలి. పిల్లాణ్ణి వెంటనే ఆయనకు అప్పగించాలి, 24 గంటల్లో జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. ఆ 24 గంటల్లో ప్రయాణం సమయం కలపరు. బోర్డులో ఒక మెజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు, ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ.

మొదట చూపించాల్సింది వయసు. చట్టం చెప్పిన వరస ఇది: బడి ఇచ్చిన పుట్టినతేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అవి లేకపోతే కార్పొరేషన్ లేదా పంచాయతీ జనన ధ్రువీకరణ, అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆధార్ ఈ జాబితాలో లేదు. ఆధార్ ఒక్కటే పట్టుకుని స్టేషన్‌కి పరుగెత్తి, పుట్టిన సంవత్సరం తప్పుపడి పెద్దవాడిగా రిమాండుకు వెళ్లే ప్రమాదం ఉంది. పదో తరగతి మెమో నకలు, బడి నుంచి తెచ్చిన సర్టిఫికెట్ ఇంట్లో ఒక కవరులో పెట్టి ఉంచమని ప్రతి తల్లికీ చెప్పండి.

రెండోది ఎఫ్‌ఐఆర్. చిన్న నేరమైనా, తీవ్ర నేరమైనా పిల్లాడి మీద మామూలుగా ఎఫ్‌ఐఆర్ కట్టకూడదు. స్టేషన్ జనరల్ డైరీలో రాసి, సామాజిక నేపథ్య నివేదిక (పిల్లాడి ఇల్లు, పరిస్థితుల వివరాలు) తయారుచేసి బోర్డుకు పంపాలి. ఇది 2016 నమూనా నియమాల్లో 8వ నియమం. దీనికి మినహాయింపులు రెండే. కనీస శిక్ష 7 ఏళ్లో అంతకు మించో ఉన్న హేయమైన నేరం ఒకటి. పెద్దవాళ్లతో కలిసి చేసిన నేరం ఇంకొకటి.

ఈ రెండో మినహాయింపు దగ్గరే మన పేటల పిల్లలు దొరికిపోతున్నారు. ట్యాంకరు జట్టులో 16 ఏళ్లవాడూ 22 ఏళ్లవాడూ కలిసే ఉంటారు. ఒక్క పెద్దవాడున్నా ఎఫ్‌ఐఆర్ పడుతుంది. పైగా పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 189, 190 సెక్షన్లు ఐదుగురు లేదా ఎక్కువమంది చట్టవిరుద్ధ ఉద్దేశంతో గుమికూడితే, ఆ ఉద్దేశం కోసం ఒకడు చేసిన నేరం అందరి మీదా పడుతుందని చెప్తాయి. కొట్టినవాడు ఒక్కడే అయినా వెంట నిలబడ్డవాడూ ముద్దాయే. "నేను చూడటానికి వెళ్లాను" అన్న మాట పిల్లలందరూ చెప్తారు, అది నిలబడాలంటే వేరే సాక్ష్యం కావాలి. పిల్లలకు ముందుగా చెప్పాల్సిన చట్టం ఏదైనా ఉంటే ఇదే.

హత్యాయత్నం కేసు పెట్టారని విని పిల్లాడి జీవితం అయిపోయిందని కూలబడిపోవద్దు. ఆ నేరానికి కనీస శిక్ష 7 ఏళ్లని లేదు కాబట్టి అది 'తీవ్ర' నేరమే, 'హేయమైన' నేరం కిందకి రాదు. 2020లో సుప్రీంకోర్టు ఈ వర్గీకరణ తేల్చింది, 2021 సవరణలో చట్టంలోకి కూడా వచ్చింది. కాబట్టి ఆ కేసులో 16–18 ఏళ్లవాణ్ణి పెద్దవాడిగా విచారించే ప్రశ్న రాదు. హత్య అయితే వేరు. అక్కడ బోర్డు ప్రాథమిక అంచనా వేసి బాలల కోర్టుకు పంపవచ్చు.

బెయిలు విషయంలో 12వ సెక్షన్ పిల్లాడి పక్షానే ఉంది. నేరం బెయిలబులా కాదా అన్నదానితో పనిలేకుండా, పూచీతోగానీ లేకుండాగానీ విడుదల చేయడమే నియమం. విడుదలైతే నేరస్థులతో మళ్లీ కలుస్తాడని, ప్రమాదంలో పడతాడని, న్యాయానికి భంగమని బోర్డు అనుకుంటేనే ఆపుతుంది. అందుకే బోర్డు ముందు తల్లిదండ్రులు ఏడవడం కన్నా, పిల్లాణ్ణి ఎక్కడ ఉంచుతారో చెప్పడం పనికొస్తుంది: ఫలానా ఊళ్లో మేనమామ ఇల్లు, ఫలానా ఐటీఐలో చేరిక. 'అన్న' పంపిన లాయరు వద్దు. పిల్లలకు ఉచిత న్యాయ సహాయం హక్కు, న్యాయసేవల నంబరు 15100. పిల్లాడికి రక్షణ కావాలంటే 1098. విజయవాడలో వీధి బాలల కోసం 1989 నుంచి పనిచేస్తున్న నవజీవన్ బాల భవన్ లాంటి సంస్థలూ ఉన్నాయి.

ఇక పిల్లల్ని వాడుకున్న పెద్దవాడి సంగతి. దీన్ని ఎవరూ అడగరు, నాకు బాధ కలిగించేదీ అదే. బాల న్యాయ చట్టం 83(2) ప్రకారం పిల్లల్ని చట్టవిరుద్ధ పనులకు వాడుకున్న పెద్దవాడికి 7 ఏళ్ల దాకా కఠిన జైలు, 5 లక్షల జరిమానా. మత్తుపదార్థాలు మోయించినా అమ్మించినా 78వ సెక్షన్ కింద 7 ఏళ్ల దాకా, లక్ష దాకా జరిమానా. నేరం చేయించడానికి పిల్లాణ్ణి పెట్టుకుంటే న్యాయ సంహిత 95వ సెక్షన్ కింద 3 నుంచి 10 ఏళ్లు. పిల్లాడి వాంగ్మూలంలో డబ్బు ఎవరిచ్చారు, బైకు ఎవరిది, ఎవరు ఫోన్ చేశారు అన్న మూడూ నమోదైతేనే ఈ సెక్షన్లు కదులుతాయి. సామాజిక నేపథ్య నివేదిక రాసేటప్పుడే ఈ వివరాలు చెప్పాలి, ఆ తర్వాత చెప్తే కథ కట్టారంటారు.

కాలవగట్టు వార్డు

చాలా కృతజ్ఞతలండి. ఒక సందేహం. 17 ఏళ్లవాడితో పాటు 20 ఏళ్లవాళ్లు ముగ్గురున్న కేసులో ఎఫ్‌ఐఆర్ పడితే, విచారణ అందరికీ కలిపే జరుగుతుందా? ఇంకోటి, బైకు నడిపింది మైనరైతే?

బాలల న్యాయం

కలిపి జరగదు. 23వ సెక్షన్ ప్రకారం పిల్లాడి విచారణ పెద్దవాళ్లతో కలపకూడదు, వాడిది బోర్డులోనే. పేరు, ఫోటో, బడి వివరాలు పత్రికలోగానీ వాట్సాప్ గ్రూపులోగానీ పెట్టడం 74వ సెక్షన్ కింద నేరం, మీ వార్డు గ్రూపులో ఈ మాట పిన్ చేయండి. విచారణ ముగిసి బోర్డు తప్పు తేల్చినా 24వ సెక్షన్ వల్ల ఉద్యోగానికి అనర్హత రాదు. హేయమైన నేరంలో పెద్దవాడిగా విచారణ జరిగినవాళ్లకు మాత్రమే ఈ రక్షణ ఉండదు.

మైనరు బండి నడిపి నేరం చేస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ ప్రకారం తండ్రికో బండి యజమానికో 3 ఏళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. బండి ఎవరి పేరున ఉందో చూస్తే చాలాసార్లు అసలు మనిషి దొరుకుతాడు.

జవాబు 4: సంగడిగుంట

గొలుసు ఎక్కడ తెంపాలి అన్న రెండో ప్రశ్నకు ఎవరూ వివరంగా చెప్పలేదు కాబట్టి రాస్తున్నా. ఉమ్మడి వనరుల మీద పని చేసి 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ పొందిన ఎలినార్ ఆస్ట్రోమ్ చూపించిన సూత్రాలు మన వీధి కుళాయికీ వర్తిస్తాయి. ఎవరికి హక్కుందో స్పష్టంగా ఉండాలి, నియమం వాడుకునేవాళ్లే పెట్టుకోవాలి, తప్పితే శిక్ష చిన్నదానితో మొదలవ్వాలి, తగాదా తీర్చే చోటు దగ్గర్లో ఖర్చు లేకుండా ఉండాలి.

నీళ్లు. గొట్టం నుంచి నేరుగా పట్టడం ఆపించండి. 5,000 లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకును రెండడుగుల గట్టు మీద పెట్టి, కింద పైపుకు అరంగుళం కుళాయిలు ఆరు బిగించండి. ఒక్కో కుళాయి నిమిషానికి 10, 12 లీటర్లు ఇచ్చినా ఆరూ కలిసి గంటన్నరలోపే ట్యాంకు దించేస్తాయి. బిందెకు నిమిషంన్నర. ట్యాంకరు వచ్చి నింపి వెళ్లిపోతుంది, గొట్టం పట్టుకునే మనిషే ఉండడు. రెండు జాగ్రత్తలు తీసుకోవాలి. మొదటి వారం నుంచే డ్రమ్ములు వద్దని నియమం పెట్టకపోతే కుళాయి కింద డ్రమ్ము పెట్టి పక్కవాణ్ణి ఆపేస్తారు. ట్యాంకు రెండు వీధులకూ కనిపించే చోట ఉండాలి, ఒక వీధి లోపలికి పెట్టిస్తే పాత తగాదా కొత్త రూపంలో వస్తుంది. అడుగున మడ్డి పేరుకుంటే ఎవరూ తాగరు కాబట్టి వారానికోసారి కడగటం, క్లోరిన్ వేయడం సచివాలయం సిబ్బందికి రాతపూర్వకంగా అప్పగించండి. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు అతిసారం వచ్చిన సంగతి మరిచిపోయే విషయం కాదు.

పంపకం రాతలో ఉంటే ఏమవుతుందో 2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో ఒకే పేటలో రెండు రకాలుగా చూశాం. సింగ్‌నగర్ వైపు నీళ్ల సీసాలు, ఆహారం పొట్లాలు పంచిన బండ్లు రోడ్డు మీదే ఆగిపోతే బలమున్నవాడు తీసుకున్నాడు, లోపలి వీధులకు చేరలేదు, తోపులాటలు అయ్యాయి. తర్వాత నీళ్లు వచ్చిన కింది అంతస్తుకు 25,000, పై అంతస్తులకు 10,000 అని ప్రకటించి ఖాతాల్లో వేశారు. జాబితాలో పేరు రానివాళ్లకు కోపం వచ్చింది, ఆ కోపం సచివాలయానికీ కలెక్టరేటుకూ వినతిపత్రాలతో వెళ్లింది. వీధిలో కుర్రాళ్లతో తేల్చుకోవాల్సిన వస్తువు కాలేదు.

బండ్ల జాగా. 2014 వీధి విక్రయదారుల చట్టం ప్రకారం బండ్ల జాగాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రయదారులు ఉండాలి, వాళ్లలో మూడోవంతు మహిళలు. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఉన్నవాళ్లను తీసేయకూడదు, తర్వాత కదపాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సర్టిఫికెట్ ఉన్న బండిని 'మామూలు' అడిగేవాడు బెదిరించడం కష్టం. బీసెంట్ రోడ్డులాంటి రద్దీ చోట సర్టిఫికెట్‌తో పాటు జాగా నంబరు నేల మీద రంగుతో వేయించండి. రంగు చెరిగిపోతే తగాదా తిరిగొస్తుంది, ఏడాదికి రెండుసార్లు వేయాలి.

గ్రౌండు. సాయంత్రం నాలుగున్నర నుంచి చీకటిపడేదాకా అందరికీ కావాలి. ఒక్క క్రికెట్ జట్టు మొత్తం జాగా ఆక్రమిస్తే మిగతా యాభైమంది గట్టు మీద కూర్చుంటారు, గంజాయి అమ్మేవాడికి కావాల్సింది ఆ కూర్చున్నవాళ్లే. అదే స్థలంలో 18 × 9 మీటర్ల వాలీబాల్ కోర్టు ఒకటి, 13 × 10 మీటర్ల కబడ్డీ కోర్టు ఒకటి గీస్తే రెండింటిలోనూ ఆట సాగుతుంది. క్రికెట్‌ను ఉదయానికి, ఆదివారానికి మార్చండి. ఎల్‌ఈడీ దీపాలతో రాత్రి 9 దాకా ఆడనిస్తే రద్దీ సగం విడిపోతుంది. వేళల పట్టిక గేటు మీద రాయించండి, ఏ జట్టు కెప్టెన్ చేతికీ తాళం ఇవ్వొద్దు. ఎగ్జిబిషన్లకూ సభలకూ గ్రౌండు నెలల తరబడి ఇచ్చే అలవాటు మీద గట్టిగా అభ్యంతరం చెప్పండి. ఆడపిల్లలకు వారంలో రెండు సాయంత్రాలు కేటాయించాలి, అది లేకపోతే పట్టిక అసంపూర్ణమే.

ఖాళీ స్థలం. ఇక్కడ మీరు నేరుగా దిగొద్దు. భూమి లేదా నీటి మీద తగాదా శాంతిభద్రతలకు భంగం కలిగించేలా ఉంటే భారతీయ నాగరిక సురక్షా సంహిత 164వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 145) కింద ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు ఇరుపక్షాలను పిలిచి స్వాధీనం ఎవరిదో తేలుస్తారు. హక్కు ఎవరిదన్నది సివిల్ కోర్టు పని. పోలీసు నివేదిక లేదా సమాచారం అందిన తేదీకి ముందు రెండు నెలల్లోపు బలవంతంగా వెళ్లగొట్టినవాళ్లను స్వాధీనంలో ఉన్నట్టే లెక్కించవచ్చు. అంటే కంచె పీకిన రోజు నుంచి రెండు నెలల గడువు నడుస్తోంది. ఆ లోపు రాతపూర్వక ఫిర్యాదు స్టేషన్లో, తహసీల్దారు కార్యాలయంలో ఇచ్చి రసీదు తీసుకున్నవాడికి కుర్రాళ్ల అవసరం రాదు. ఈ గడువు తెలియకే జనం 'అన్న' దగ్గరికి పోతున్నారు.

కాలవగట్టు వార్డు

ఇన్నిట్లో మొదట ఏది పట్టుకోమంటారు? మా దగ్గర పదిమంది కూడా లేరు.

సంగడిగుంట

నీళ్లు. ఖర్చు తక్కువ, నెలలో ఫలితం కనిపిస్తుంది, ఎవరి ఆదాయం మీదా పెద్ద దెబ్బ పడదు కాబట్టి బెదిరింపులూ తక్కువ. ఆటోస్టాండు చివర్లో పెట్టుకోండి, అక్కడ రోజూ డబ్బు తీసుకునేవాళ్లున్నారు. ట్రాఫిక్ పోలీసులు లిఖితపూర్వకంగా ముందుకొచ్చాకే కదలండి.

నాలుగు వారాలు పుస్తకం రాయండి: తేదీ, ట్యాంకరు వచ్చిన వేళ, ఆగిన చోటు, పట్టుకున్న ఇళ్లు, డబ్బు అడిగారా, గొడవ అయిందా. పిల్లల పేర్లు రాయొద్దు, వయసు అంచనా చాలు. ఆ పుస్తకం ఎవరి చేతికి చిక్కినా ఏ పిల్లాడికీ హాని జరగకూడదు.

వార్డు లెక్కలు

దానికి తోడు అదే రోజు సమాచార హక్కు కింద కార్పొరేషన్‌కి దరఖాస్తు వేయండి, ఫీజు 10 రూపాయలు, 30 రోజుల్లో జవాబు రావాలి. "మా వార్డుకు నీళ్లు ఎందుకు తక్కువ" అని అడిగితే జవాబు రాదు, చట్టం రికార్డే ఇస్తుంది. గత మూడు నెలల ట్యాంకరు ట్రిప్ షీట్ల నకళ్లు అడగండి, వార్డు వారీగా, వేళలతో, డ్రైవరు సంతకం ఉన్నవి. మీ పుస్తకం పూర్తయ్యే నాటికి అవి చేతికొస్తాయి. వచ్చినట్టు షీటులో ఉండి మీ మలుపులో ఆగని ట్యాంకరు ఏ తేదీల్లో కనిపిస్తుందో, ఆ తేదీల్లో జరిగిన గొడవల పక్కన పెట్టి చూడండి. కమిషనర్ ముందు పెట్టాల్సిన పేజీ అది.